నిప్పు కంటే ముందు లెక్క
(మండల మహిళా సమాఖ్య వార్షిక మహాసభలో మా సంఘం తరఫున చదివిన ప్రసంగ పాఠం)

 

ఇందాకటి నుంచి సంఘాల వాళ్లు మాట్లాడుతుంటే విన్నాం. ఒకరు పాడి గేదెల గురించి చెప్పారు, ఒకరు కొబ్బరి పీచు తాళ్ల గురించి చెప్పారు, ఇంకొకరు లక్షల్లో టర్నోవరు చెప్పారు. మేం చెప్పబోయేది ఒక పొయ్యి గురించి. పెరట్లో కట్టుకున్న పొయ్యి. దాని గురించి సభలో చెప్పడానికేముంది అనిపించొచ్చు. మాకూ అలాగే అనిపించింది. కానీ పోయిన నెల సమావేశంలో మూడు సంఘాల వాళ్లు వచ్చి అడిగారండి, "మీ పొయ్యికి ఎంతయింది? మేమూ కట్టుకుందామనుకుంటున్నాం" అని. మేం ముగ్గురికీ మూడు లెక్కలు చెప్పాం. ఒకామె 15,000 అని చెప్పింది, ఒకామె 34,000 పైన అంది, ఇంకొకామె 50,000 దాటిందంది. ముగ్గురూ నిజమే చెప్పారు. మూడు లెక్కలు ఎలా నిజమయ్యాయో సభ ముందు విప్పి చెప్పమని లీడర్లు అడిగారు. అందుకే వచ్చాం.

మాది లంక ఊరు. సంఘంలో పదకొండు మందిమి. అందులో ఆరుగురం పిండివంటలు చేసి అమ్ముతాం. జంతికలు, అరిసెలు, పోకుండలు, కజ్జికాయలు, సున్నుండలు. మొదట్లో ఎవరింట్లో వాళ్లం ఇంటి గ్యాసు పొయ్యి మీదే చేసేవాళ్లం. పెళ్లి ఆర్డర్లు రావడం మొదలయ్యాక ఇబ్బంది తెలిసింది. ఇంటి పొయ్యి మీద పెద్ద బాణలి కూర్చోదు. పైగా ఇంటికిచ్చిన 14.2 కిలోల సిలిండరు వ్యాపారానికి వాడకూడదు, అది నిబంధన. 19 కిలోల వాణిజ్య సిలిండరు తెచ్చాం. మంట బాగుంది గానీ మూడున్నర రోజులకే ఖాళీ. మేం కొన్న ధర 1,850. అంటే రెండు సిలిండర్లకు 3,700, వంట జరిగేది ఏడు రోజులు, రోజుకి 529 రూపాయలు మంటకే పోయేది. సరిగ్గా మా కూలి తగ్గింది అక్కడే.

మరి మా ఊళ్లో కొబ్బరి డొక్కలకూ మట్టలకూ కరువేముంది? పెరళ్లలో కుప్పలు పడి ఉంటాయి. కాబట్టి పెరట్లో ఒక గాడిపొయ్యి తవ్వుకుందాం, పెళ్లిళ్లలో వంటవాళ్లు తవ్వుకున్నట్టు, అనుకున్నాం. మాలో ఒక అక్క వాళ్ల పెరడు విశాలంగా ఉంది. "మా పెరట్లో కట్టుకోండే, నాకేం అభ్యంతరం" అంది. అంతే. ఒక సమావేశంలో, టీ తాగేలోపల, మినిట్స్ పుస్తకం చివరి పేజీలో బడ్జెట్ రాసేశాం. ఆ పేజీ ఇప్పటికీ ఉంది. చదువుతాం వినండి.

ఇటుకలు 400, ఒక్కోటి 9 రూపాయలు: 3,600.
సిమెంటు 4 బస్తాలు, 360 చొప్పున: 1,440.
ఇసుక, తోలకంతో: 2,000.
తాపీమేస్త్రి 2 రోజులు, 1,000 చొప్పున: 2,000.
కూలి 2 రోజులు, 700 చొప్పున: 1,400.
ఇనుప కడ్డీలు: 1,560.
పైన తాటాకు పందిరి: 3,000.
మొత్తం 15,000.

చూశారా, ఎంత చక్కగా గుండ్రంగా వచ్చిందో. మా బుక్ కీపరు అప్పుడే అంది, "లెక్క ఇంత గుండ్రంగా వస్తే ఎక్కడో ఏదో వదిలేసి ఉంటామే" అని. నవ్వేశాం. గ్రామ సంఘం నుంచి రూపాయి వడ్డీకి 15,000 అప్పు తీసుకున్నాం. నెలకు 1,500 అసలు, పది వాయిదాలు. పదకొండు మందీ సంతకాలు పెట్టాం.

మే నెలలో కట్టాం. రెండున్నర అడుగుల లోతు గాడి, లోపల ఇటుక వరస, సిమెంటు పూత, నున్నగా అద్దంలా ఉంది. ఊళ్లో వాళ్లు వచ్చి చూసి వెళ్లారు. పది రోజులు తిరగకముందే సిమెంటు బీటలు తీసింది. ఒక రోజు టప్ మని పూత పెచ్చు ఎగిరి బాణలికి తగిలింది. నూనెలో పడలేదు, మా అదృష్టం. మేస్త్రిని పిలిస్తే "ఇంకో బస్తా తెప్పించండమ్మా, దిట్టంగా పూస్తా" అన్నాడు. పూశాడు. మళ్లీ బీటలే.

జూన్ లో గాలి లేచింది. నిప్పురవ్వ ఎగిరి తాటాకు పందిరి అంచున పడింది. ఒక మూల అంటుకుంది. తడి గోనెసంచితో కొట్టి ఆర్పేశాం గానీ, ఆ తొందరలో మా చెల్లెలొకామె ముంజేయి కాలింది. ఎవరో పరుగెత్తి పళ్ల పేస్టు తెచ్చి రాయబోయారు. మా వీఓఏ ఆపి, చేతిని పంపు కింద పెట్టి ఇరవై నిమిషాలు నీళ్లు వదిలింది. తర్వాత ఆసుపత్రికి తీసుకెళ్లాం. పుండు తొందరగా మానింది, మచ్చ మాత్రం మిగిలింది. మందులకు 860 అయ్యాయి. ఈ 860 మా బడ్జెట్ లో ఏ వరసలోనూ లేదు.

జూలైలో గోదావరి పెరిగింది. మా లంకల్లో నది పెరిగితే నేలలో ఊట పైకి వస్తుందని చిన్నపిల్లలకి కూడా తెలుసు. పదకొండు మంది పెద్దవాళ్లం పొయ్యి తవ్వేటప్పుడు మాత్రం మాకు గుర్తు రాలేదు. మేలో తవ్వాం గదా, నేల పొడిగా ఉంది. ఒక పొద్దున్నే వెళ్లి చూస్తే మా గాడిపొయ్యి నిండా నీళ్లు. కప్పలు ఈదుతున్నాయి. చెంబుతో తోడితే సాయంత్రానికి మళ్లీ నిండింది.

అక్కడితో మొదటి పొయ్యి కథ అయిపోయింది. కానీ వాయిదాలు అయిపోలేదు కదండీ. మూడో వాయిదా కట్టే రోజు సమావేశంలో గొడవ మొదలైంది. వంటలు చెయ్యని ఐదుగురు అడిగారు: "మీ ఆరుగురి పొయ్యికి మేమెందుకు కట్టాలి?" మేం అన్నాం: "సంతకాలు పదకొండు మందివి. నష్టం ఆరుగురిదే ఎలా అవుతుంది?" వాళ్లు వెంటనే అన్నారు: "అయితే లాభం వచ్చి ఉంటే పదకొండు మందికీ పంచేవారా?"

నిజం చెప్తున్నాం, ఆ ప్రశ్నకి మా దగ్గర సమాధానం లేదు. తీర్మానంలో ఆ మాటే రాయలేదు. అప్పు ఎంతో రాశాం, వాయిదా ఎంతో రాశాం. లాభం ఎవరిది, నష్టం ఎవరిది, పొయ్యి ఎవరిది అని రాసుకోలేదు.

అన్నిటికంటే బాధ కలిగించింది పెరటి అక్క సంగతి. పెరడంతా గుంత, బురద, సగం కాలిన పందిరి. వాళ్ల అత్తగారు "ఉన్న పెరడు పోయింది, వచ్చిందేముంది" అని ఇంట్లో రోజూ అంటున్నారట. ఇటు సంఘంలో ఎవరో నోరు జారి "నీ పెరడు పల్లం కాబట్టే ఇలా అయింది" అన్నారు. ఆ అక్క రెండు నెలలు సమావేశానికి రాలేదు. పొదుపు డబ్బు పిల్లవాడి చేత పంపించేది. పదేళ్లుగా ఒక్క సమావేశం మానని మనిషి. పంచసూత్రాల్లో మొదటిది క్రమం తప్పని సమావేశం. పొయ్యి మూలంగా మా సంఘంలో పోయింది ముందు అదే. 15,000 పోతే సంపాదించుకుంటాం. మనిషి పోతే సంఘం ఏం కావాలి?

ఆగస్టులో నలుగురం కలిసి వాళ్లింటికి వెళ్లాం. ఎవరమూ పొయ్యి మాట ఎత్తలేదు. పెరట్లోకి వెళ్లి గుంత పూడ్చడం మొదలుపెట్టాం. ఇటుకలు ఏరి, సిమెంటు గీకి పేర్చాం. మంచివి 250 మిగిలాయి. మధ్యాహ్నానికి అక్క కూడా పార పట్టుకుంది. సాయంత్రం వాళ్ల అత్తగారే టీ పెట్టి ఇచ్చారు. ఇస్తూ ఒక మాటన్నారు: "నిప్పున్న చోట మట్టే నిలబడుద్దమ్మా. మీరేమో సిమెంటు పూశారు. నన్నొక్క మాట అడిగితే చెప్పేదాన్ని కాదా?"

అడగలేదు. మేస్త్రిని అడిగాం, కొట్లో అడిగాం. యాభై ఏళ్లు పొయ్యి ముందు కూర్చున్న ఆవిణ్ణి మాత్రం అడగలేదు.

తర్వాత కనుక్కుంటే ఆవిడ చెప్పినదే నిజమని తెలిసింది. సిమెంటు నీటితో కలిసి గట్టిపడుతుంది. నాలుగైదు వందల డిగ్రీల వేడి తగిలితే లోపల పట్టి ఉన్న ఆ నీరు వదిలిపోతుంది. చల్లారాక గాలిలో తేమ తాగి మళ్లీ ఉబ్బుతుంది. వేడెక్కడం, చల్లారడం, ఉబ్బడం, ఇలా పది రోజులు జరిగితే బీటలు తియ్యక ఏం చేస్తుంది? బంకమట్టి అలా కాదు, కాలేకొద్దీ ఇటుకలా అవుతుంది. బీట తీసినా మళ్లీ మట్టి మెత్తి అలుక్కుంటే సరిపోతుంది, ఖర్చు లేదు.

రెండోసారి కట్టాలనుకున్నప్పుడు గ్రామ సంఘానికి వెళ్లాం. "ఒకసారి నీళ్లలో పోశారు గదా" అన్నారు. తప్పులేదు, అది వాళ్ల పొదుపు కూడా. చివరికి ఒక షరతు పెట్టారు: "ఈసారి అంచనా వద్దు, కొలిచిన లెక్క తీసుకురండి" అన్నారు. ఆ మాట మాకు మేలు చేసింది.

నెల రోజులు కొలిచాం. పక్క వీధిలో ఒకరి మట్టిపొయ్యి అడిగి తీసుకుని దాని మీద చేశాం. వేలాడే కాటా తెచ్చి కట్టెలు తూచాం. రోజుకి సుమారు 20 కిలోల జంతికలకి 40 కిలోల వంటచెరుకు పట్టింది. సగం సరుగుడు కట్టెలు, కిలో 6 రూపాయల లెక్కన 120. సగం కొబ్బరి డొక్కలు, మట్టలు. అవి ఊరికే వస్తాయని మొదట సున్నా రాశాం. బుక్ కీపరు ఒప్పుకోలేదు. "ఏరింది ఎవరు? ఎండబెట్టింది ఎవరు? వాళ్ల చేతులకి ఖరీదు లేదా?" అంది. కూలి 60 రాశాం. మొత్తం రోజుకి 180. గ్యాసుకి 529, కట్టెకి 180, తేడా 349. నెలకి సగటున పన్నెండు రోజులు వంట ఉంటుంది కాబట్టి 4,188.

ఇంకో సంగతి కూడా తూకంలోనే తెలిసింది. వానకి తడిసిన డొక్కలు వాడిన రోజు అదే వంటకి చాలా ఎక్కువ కట్టె పట్టింది, పొగ కళ్లలోకి కొట్టింది. మంట బలంలో కొంత తడి ఆరడానికే పోతోంది. కాబట్టి కట్టెలు ఎండబెట్టి, తడవకుండా పెట్టుకునే చోటు కూడా పొయ్యి ఖర్చులో భాగమే.

అప్పుడు రెండో బడ్జెట్ రాశాం. ఈసారి నాలుగు సమావేశాలు పట్టింది. ఇదీ చదువుతాం.

అరుగు కోసం గ్రావెల్ ఒక ట్రాక్టరు: 2,200.
ఇటుకలు 500 కావాలి. పాతవి 250 ఉన్నాయి. కొన్నవి 250, 9 చొప్పున: 2,250.
మంట నేరుగా తగిలే లోపలి వరసకి ఫైర్ బ్రిక్కులు 60, 55 చొప్పున: 3,300.
బంకమట్టి, ఊక, పేడ ఊరివే. తోలకం: 400.
సిమెంటు 3 బస్తాలు, అరుగుకీ స్తంభాల దిమ్మలకీ మాత్రమే: 1,080.
ఇసుక: 1,200.
మేస్త్రి 3 రోజులు: 3,000.
మా ఆరుగురి కూలి, తలా ఒక రోజు, 400 చొప్పున: 2,400.
బీడు జాలీలు 2, 900 చొప్పున: 1,800.
పొగ గొట్టం, పైన టోపీతో: 2,400.
ఇనుప స్తంభాలు, రేకులు, వెల్డింగు: 11,500.
ఇసుక బకెట్లు, నీళ్ల డ్రమ్ము, నూలు ఏప్రాన్లు, ప్రథమ చికిత్స పెట్టె: 1,370.
ఒప్పందం రాసుకోవడానికి స్టాంపు కాగితం: 100.
మొత్తం 33,000. దాని మీద అనుకోని ఖర్చులకి వందకి పది చొప్పున 3,300. అంతా కలిపి 36,300.

మొదటి బడ్జెట్ పక్కన పెట్టి చూడండి. పొయ్యికని మనం అనుకునే ఇటుక, మట్టి, మేస్త్రి కలిపితే మూడోవంతు కూడా లేదు. ఎక్కువ భాగం పొయ్యి చుట్టూ ఉన్నవాటికి పోయింది. పైన రేకు, కింద అరుగు, పక్కన ఇసుక బకెట్టు. మేం మొదటిసారి వదిలేసినవి సరిగ్గా ఇవే.

అరుగు అడుగున్నర ఎత్తు వేశాం, ఊట తగలకుండా. తాటాకు బదులు రేకు వేశాం, మూడు వైపులా తెరిచి ఉంచాం. ఇంటికీ కొబ్బరి చెట్లకీ దూరంగా, గాలి ఇంటి వైపు పొగ కొట్టని చోట కట్టాం. చెట్టు కింద కడితే నీడ ఉంటుందన్నారు కొందరు. కాయ పడితే నూనె బాణలిలో పడుతుంది, ఆ నీడ మాకొద్దన్నాం. నూనె అంటుకుంటే నీళ్లు పొయ్యకూడదు, మూత వెయ్యాలి, ఇసుక చల్లాలి అని రాసి స్తంభానికి తగిలించాం. చదవడం రానివాళ్లకి రెండుసార్లు చేసి చూపించాం. వంట జరిగేటప్పుడు పిల్లలు అరుగు ఎక్కకూడదని గీత గీశాం.

అసలు ఖర్చు ఎంతయిందంటే: రేకుల ధర 1,100 పెరిగింది, గొట్టానికి ఒక వంపు ముక్క 450 పడింది. మిగతావన్నీ రాసినట్టే జరిగాయి. మొత్తం 34,550. అనుకోని ఖర్చుల సొమ్ములో 1,750 మిగిలితే మర్నాడే సంఘం ఖాతాలో వేసేశాం. ఆ పది శాతం రాసుకోకపోతే రేకుల దగ్గర ఆగిపోయి, ఎవరి మెడలోదో తాకట్టుకి వెళ్లేది.

డబ్బు ఎక్కడిదంటే, గ్రామ సంఘం నుంచి 30,000, ఇరవై వాయిదాలు. సంఘం సొంత పొదుపు నుంచి 6,300. ఈసారి తీర్మానంలో అన్నీ రాసుకున్నాం. పొయ్యి పదకొండు మందిదీ. అప్పుకి పదకొండు మందీ బాధ్యులు. వంట చేసే ఆరుగురూ అమ్మిన ప్రతి కిలోకీ 2 రూపాయలు సంఘం నిధిలో వెయ్యాలి, అది అందరిదీ. ఇంతకుముందు అడిగిన ప్రశ్నకి సమాధానం ఇన్నాళ్లకి దొరికింది. పెరటి అక్కకి నెలకి 200 అద్దె. వాళ్లింటి శుభకార్యాలకి పొయ్యి ఉచితం. ఒప్పందం ఐదేళ్లు. పెరడు తిరిగి కావాలంటే ఆరు నెలల ముందు చెప్పాలి. అక్క తరఫున వాళ్ల అత్తగారు సాక్షి సంతకం చేశారు. లోపలి మట్టి పూత పూసింది కూడా ఆవిడే. కూలి ఇవ్వబోతే తీసుకోలేదు, అయినా మినిట్స్ లో ఆవిడ చేసిన పని రాశాం.

దీపావళికి ముందు పొయ్యి వెలిగించాం. ఇప్పటికి పదకొండు నెలలైంది. ఈ వర్షాకాలం కూడా దాటింది. అరుగు మీదికి నీళ్లు రాలేదు. మట్టి పూత మూడుసార్లు బీట తీసింది, మూడుసార్లూ అలుక్కున్నాం.

ఇక లాభమా నష్టమా అన్నది. నెలకి 4,188 ఆదా అవుతుందన్నాం. అందులో మరమ్మతులకి 200 పక్కన పెడతాం, అద్దె 200. మిగిలేది 3,788. పదకొండు నెలలకి 41,668. రెండో పొయ్యి ఒక్కటే చూస్తే తొమ్మిది నెలల పైచిలుకులో తీరిపోయినట్టే. ఇక్కడ ఆపేసి చప్పట్లు కొట్టించుకోవచ్చు. కానీ మొదటి పొయ్యి 15,000, మందుల 860 కూడా మా చేతి నుంచే పోయాయి. అన్నీ కలిపితే 50,410. మొదటి అప్పు వడ్డీ 825, రెండో అప్పు వడ్డీ వాయిదాలన్నీ పూర్తయ్యేసరికి 3,150. మొత్తం 54,385. అందులో 41,668 తీసేస్తే ఇంకా 12,717 వెనకబడి ఉన్నాం.

మొదటి పొయ్యి 15,000లో తిరిగి పనికొచ్చిన ఇటుకల విలువ 2,250 తీసేస్తే నష్టం 12,750. చూశారా, మేమింకా వెనకబడి ఉన్నది దాదాపు అంతే. టీ తాగేలోపల రాసిన ఆ ఒక్క పేజీ ఖరీదే అది. ఇంకో మూడు నాలుగు నెలలకి గట్టెక్కుతాం. అప్పటిదాకా మా పొయ్యి లాభంలో ఉందని ఎవరైనా చెబితే నమ్మకండి, మేం చెప్పినా సరే.

ఇంకొక మాట కూడా దాచకుండా చెప్పాలి. మాలో పెద్దవాళ్లకి 1999లో దీపం పథకం కింద గ్యాసు వచ్చిన రోజు బాగా గుర్తు. అంతకుముందు ఊదుగొట్టం పట్టుకుని, కళ్లు మండి, దగ్గుతూ వండిన వాళ్లే. ఆవిడొకరు సమావేశంలో అడిగారు, "ఆ పొగ నుంచి బయటపడడానికి ఇన్నేళ్లు పట్టింది, మళ్లీ అక్కడికే పోతారా?" అని. న్యాయమైన ప్రశ్న. ఇళ్లలో పొగ వల్ల 2020లో ప్రపంచంలో 32 లక్షల మంది చనిపోయారని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పిన లెక్క. అందుకే ఒక నియమం పెట్టుకున్నాం. ఇంటి వంట ఎవరమూ గ్యాసు మానం. ఈ పొయ్యి అమ్మకం వంటకే, ఆరుబయటే, గొట్టంతోనే. మంట దగ్గర ఒకరు రెండు గంటలకి మించి కూర్చోకూడదు, మారాలి. దగ్గు, ఆయాసం ఉన్నవాళ్లు పిండి కలుపుతారు, ప్యాకింగు చూస్తారు, పొయ్యి దగ్గరికి రారు. ప్లాస్టిక్కు, రంగు వేసిన చెక్క పొయ్యిలో పెట్టం. పొగ పూర్తిగా పోయిందని మేం అనం. తగ్గించుకున్నాం, అంతే.

పొయ్యి కట్టుకోవాలనుకునే సంఘాలకి మేం చెప్పేది కొంచెమే. ముందు నెల రోజులు వంట కొలవండి, కట్టె తూచండి. నేల ఏ కాలంలో ఎలా ఉంటుందో ఆ ఇంటి పెద్దావిణ్ణి అడగండి. లంకల్లో అరుగు వెయ్యండి. మెరక మండలాల వాళ్లకి ఊట బాధ లేదు గానీ, వాగులో ఏరిన గుండ్రాళ్లు పొయ్యిలో పెట్టకండి. వాటి లోపల తేమ ఉంటే వేడికి పేలతాయి. మంట తగిలే చోట మట్టి, తగలని చోట సిమెంటు. మీ కూలి కూడా బడ్జెట్ లో రాయండి, లేకపోతే అది ఉచితమని మీరే నమ్మేస్తారు. పదోవంతు పక్కన పెట్టండి. అన్నిటికంటే ముందు, లాభం ఎవరిది, నష్టం ఎవరిది, స్థలం ఎవరిది అన్నది నిప్పు వెలిగించక ముందే కాగితం మీద పెట్టండి.

అమ్మకాలకి ఆహార భద్రతా రిజిస్ట్రేషను కూడా చేయించుకున్నాం. మేం కట్టిన రుసుము ఏడాదికి 100 రూపాయలు. చిన్న వ్యాపారమే కదా అని అది వదిలెయ్యకండి. ఆ నంబరు ప్యాకెట్టు మీద పడ్డాకే మాకు పట్నం కొట్ల నుంచి ఆర్డర్లు వచ్చాయి.

చెయ్యి కాలిన చెల్లెలు ఇప్పుడు మా పొయ్యికి భద్రత చూసే మనిషి. ఇసుక బకెట్టు నిండుగా ఉందో లేదో ఆమె చూసి తలూపితేనే అగ్గిపుల్ల గీస్తాం. పెరటి అక్క ఈ సంవత్సరం ఒక్క సమావేశం మానలేదు. ఈ రోజు సభకి తెచ్చిన జంతికలు ఆ పెరట్లోవే. మధ్యాహ్నం భోజనాల దగ్గర పెడతాం. తిని ఉప్పు సరిపోయిందో లేదో చెప్పండి. మా రెండు బడ్జెట్ల కాగితాలూ జెరాక్సు తీసి తెచ్చాం. మొదటిది కూడా తీసుకెళ్లండి, రెండోదానికంటే అదే ఎక్కువ పనికొస్తుంది.